ఖాలా మాఫ్ చేసిన గది

మొన్న తాండూరులో మా తమ్ముడి కూతురి నిఖా జరిగింది. ఖాజీ సాబ్ మెహర్ ఎంతో చదవగానే పెళ్లికొడుకు జేబులోంచి ఫోన్ తీసి అక్కడికక్కడే పంపించేశాడు. పరదాకు ఇవతల మా పిల్ల ఒళ్లో ఫోన్ టింగుమంది. "ముందు పైసలు చూసుకోని తర్వాత కబూల్ అంటవా ఏందే?" అని ఎవరో అంటే, "చూసుకోవద్దా మరి?" అంది పిల్ల, తల ఎత్తకుండానే. ఆడవాళ్లంతా నవ్వారు. నా నవ్వు మాత్రం మధ్యలోనే ఆగిపోయింది.

మెహర్ అంటే పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇస్తానని నలుగురి ముందు ఒప్పుకునే సొమ్ము. మా ఇళ్లలో ఒప్పుకోవడం వరకే ఆనవాయితీ. నానీకి, అంటే అమ్మ తల్లికి, నిజాం హాలీ సిక్కా రూపాయి చెల్లిన రోజుల్లో రెండు సుర్ఖ్ దీనార్లు రాశారట. ఆ ఎర్ర బంగారు నాణెం ఎలా ఉంటుందో ఆమే కాదు, రాసిన ఖాజీ కూడా చూసి ఉండడు. అమ్మకు ఐదు వందల రూపాయలు రాశారు. ఆమె అడగలేదు, నాన్న ఇవ్వలేదు. ఆ మాట ఎత్తాలంటే ఇద్దరికీ సిగ్గు. అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు, మా ఖాలా దగ్గరికి వచ్చేసరికి తాత పద్ధతి మార్చాడు. ఆయన వికారాబాద్‌లో కచేరీ ముందు కూర్చుని అర్జీలు రాసేవాడు. కాగితాన్ని నమ్మినంతగా మనుషులను నమ్మేవాడు కాదు. పైసలొద్దు, తాండూరులో పెళ్లికొడుకు వాటా ఇంట్లో రోడ్డు వైపు గదిని మెహర్‌గా రాయమని పట్టుబట్టాడు. రాశారు.

ఖాలా భర్త నాపరాళ్ల పాలిష్ మిషన్ మీద పనిచేసేవాడు. మెత్తని మనిషి. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని పెళ్లయిన ఆరో ఏట పోయాడు. పిల్లలు లేరు. తాత అప్పటికే లేడు. పదమూడేళ్ల నేను అమ్మతో, నానీతో కలిసి పొద్దున బస్సుకు వెళ్లాను. శవానికి స్నానం చేయించి, తెల్లని కఫన్ గుడ్డ చుట్టి, వాకిట్లో ఉంచారు. ఖాలా తోటికోడలు వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "మెహర్ మాఫ్ చేసిన అని మూడుసార్లు అను. బాకీతోని పంపుతవా మనిషిని?"

ఖాలా ఆ మాట అనలేదు. మగవాళ్లు శవమున్న జనాజా ఎత్తకుండా నిలబడ్డారు. ఎండ వాకిట్లోకి వచ్చింది, ఈగలూ వచ్చాయి. ఖాలా పెద్ద బావగారు గడప అవతలి నుంచి అందరికీ వినబడేలా అన్నాడు: "గది కోసం మొగన్ని ఎండల పెట్టింది, చూడుండ్రి." నానీ కూతురి కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. "కబర్ల నలుగుతడు బిడ్డా, అనెయ్యి."

"అబ్బాజాన్ రాయించిండు కదమ్మీ" అంది ఖాలా. అంతే.

చావింట్లో పొయ్యి వెలిగించరు. పొద్దున్నుంచి నా కడుపులో ఏమీ లేదు. నానీ నన్ను ముందుకు తోసింది. "నువ్వంటె పానం దానికి. నువ్వు చెప్పు." నేను ఖాలా చెవి దగ్గర వంగి, "అనెయ్యి ఖాలా, నాకు ఆకలైతుంది" అన్నాను. ఆమె నా గడ్డం పట్టుకుని మొహంలోకి చూసింది. తర్వాత మూడుసార్లూ ఒకే గొంతుతో అంది. మూడోది పూర్తయ్యేలోపే జనాజా లేచింది. పక్కింటివాళ్లు పంపిన పప్పన్నం నేను రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

భర్త పోయినామె గడప దాటకూడని నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ముగిసిన పొద్దున్నే ఆమెను ట్రంకుపెట్టెతో బస్సెక్కించారు. ఆ వారంలోనే గది గోడ పడగొట్టి దుకాణం షట్టర్ పెట్టారని తెలిసింది. ఖాలా వికారాబాద్‌లో మా ఇంట్లో ఇరవై ఏళ్లకు పైగా రొట్టెలు చేసింది. కోపం వచ్చినప్పుడల్లా అమ్మ, "నీకంటూ ఒక గది ఉండె, పోగొట్టుకున్నవ్" అనేది. ఖాలా పెనం మీద రొట్టె తిప్పేది. నా పేరు ఒక్కసారీ చెప్పలేదు.

పెళ్లయి పుట్టింటికి వచ్చినప్పుడు ఒకసారి ధైర్యం చేసి, "ఖాలా, ఆ రోజు నేను..." అన్నాను. "గాడ నిజం చెప్పింది నువ్వొక్కదానివే. మిగిలినోల్లంత సచ్చినాయన్ను అడ్డం పెట్టుకున్నరు" అంది, చేతికంటిన పిండి దులుపుకుంటూ. నన్ను మన్నించిందనే చాలా ఏళ్లు అనుకున్నాను. వయసు మీద పడేకొద్దీ అనుమానం వస్తోంది: అడిగినవాళ్లకు అడిగినట్టు మాఫ్ చేసెయ్యడం ఆమెకు ఆ రోజుతోనే అలవాటైపోయి ఉంటుంది.