అమ్మగారి సంతకం

పదిహేడేళ్ల కిందట అమ్మగారు ఒక మనిషిని ఫ్లాటుతోపాటు కొన్నారు. లిఫ్టు పాతదే గానీ మనిషి గట్టివాడేనని సంతోషించారు కూడా. వంట, కారు, కంప్యూటరు అన్నీ అతనే చూసేవాడు. సంతకమంటే ఆవిడకు మహా బద్ధకం. "నువ్వే గీకెయ్యరా" అనేవారు. బ్యాంకు ఫారాలు మొదలుకొని, తను ఆవిడ సొత్తేనని ఏటేటా బానిసల ఆఫీసులో ఇచ్చే పత్రం దాకా అన్నిటిమీదా అతనే గీకేవాడు.

అమ్మగారి పుట్టినరోజు నాడు ఆవిడ మనసు వెన్నలా కరిగింది. అతని విడుదల కాగితం మీద స్వయంగా సంతకం పెట్టి, అతణ్ణి వెంటబెట్టుకుని ఆ ఆఫీసుకు వెళ్లారు.

గుమాస్తా దాన్ని పాత పత్రాల పక్కన పెట్టి చూసి పెదవి విరిచాడు. "ఇది మీ సంతకం కాదమ్మా."

"నా చేత్తో నేను పెడితే నాది కాదంటావేంటయ్యా!" అమ్మగారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

"తల వేరు, తోక వేరు. సంతకాలు కలిసేదాకా ఇతను మీవాడే."

విసుగెత్తి ఆవిడ అలవాటుగా పెన్ను అతని చేతికిచ్చారు. "ఏడిశాడులే, నువ్వే గీకెయ్యరా."

అతను గీకాడు. ఎవరు గీకారన్నది గుమాస్తాకు పట్టలేదు. "ఇదీ సంతకమంటే!" అని మురిసిపోయి ముద్ర గుద్దాడు.

అతను తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఇన్నేళ్లూ అమ్మగారి మనసు ఎప్పుడు కరుగుతుందా అని కాచుకున్నాడే గానీ, ఈ చేతిని ఒక్కసారీ అడగలేదు.

మెట్ల మీద అమ్మగారు టక్కున ఆగిపోయారు.

"మరి నీ బదులు ఇంకొకణ్ణి కొనాలి కదరా. ఆ కాగితం మీద సంతకం ఎవరు పెడతారు?"