పడుగు పట్టని వీధి

నిన్న పొద్దున ఇస్త్రీ పంచె మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. ఈ మధ్య బట్టలకు గంజి పెట్టేవాళ్లు తగ్గిపోయారు, అందుకే ఆ వాసన తగిలి చాలా రోజులైంది. పంచె కట్టుకోవడం మరిచిపోయి కాసేపు మంచం మీదే కూర్చుండిపోయాను. నాకు గంజి వాసన అంటే ధర్మవరం, ధర్మవరం అంటే రంగమ్మవ్వ. ఆమె నాకు చుట్టం కాదు, బడిలో చదువు చెప్పిన మనిషీ కాదు. పట్టుచీరలు నేసే ఇంటి పెద్దావిడ, సంతకం చేయడం కూడా రాదు. అయినా నా పెద్ద చదువు నలుగురికి పనికొచ్చే చదువైంది ఆమె వల్లే. ఈ మాట ఆమె బతికుండగా ఆమెతోనే అన్నాను. నమ్మలేదు.

మాది హిందూపురం. నాయనకు బెల్లం మండీ ఉండేది. పంతొమ్మిది వందల యాభైల చివర్లో నేను ఇంజనీరింగు ముగించి ఇంకో రెండేళ్ల పైచదువుకు వెళ్లాను. ఊరు పెరిగేటప్పుడు బాటలు, ఇళ్లు ఎలా వేయాలి, వాటి మధ్య చెట్లు, తోటలు, వాననీటి దారులు ఎలా అమర్చాలి అన్నది కలిపి చెప్పే చదువు అది. అలాంటిదొకటి ఉందని మా మండీలో ఎవరికీ తెలియదు. మావాడు ఊర్లు కట్టేదీ చెట్లు నాటేదీ రెండూ చదువుతున్నాడని నాయన గర్వంగా చెబితే, చెట్టు నాటడానికి కూడా పరీక్ష రాయాలా అని నవ్వేవాళ్లట. ఆ నవ్వులన్నీ ఆయన నా కోసం భరించాడు. చివరి ఏడాది నిజంగా ఉన్న ఒక చోటికి ప్లాను గీసి, దాని మీద పుస్తకం రాసి ఇవ్వాలి. అది నెగ్గితేనే పట్టా.

ఆ ఏడు వానలకు ధర్మవరంలో పల్లపు వైపున్న నేతవాళ్ల మట్టి ఇళ్లు కూలిపోయాయి. వాళ్లకు మెరక మీద కొత్త వీధి వేయాలని నిర్ణయించారు. మా ప్రొఫెసరు గారు పెనుకొండలో ఉండే అధికారికి ఉత్తరం రాస్తే, ఆయన ఆ వీధి ప్లాను నన్నే గీయమన్నాడు. నలభై కుటుంబాలు బతకాల్సిన వీధి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు, సందేహాలు తక్కువ. తిన్నని వీధి అంటే పటాలంలో సిపాయిల వరసలా అందం లేకుండా ఉంటుందని పుస్తకాల్లో చదివి ఉన్నాను. అందుకని మధ్యలో గుండ్రటి పూలతోట పెట్టి, దాని చుట్టూ మెలికలు తిరిగే బాట గీసి, చెట్లకు పచ్చరంగు పులిమాను. అధికారికి ఆ రంగులు నచ్చాయి, సంతకం పెట్టాడు. వచ్చే సోమవారం హద్దురాళ్లు పాతాలని చెప్పాడు.

కూలిన ఇళ్లలో ఒకటి రంగమ్మవ్వది. ఆమె తలదాచుకున్న మరిది ఇంట్లోనే, ముందర గదిలో నాకూ బస ఇచ్చారు. గురువారం సాయంత్రం ప్లానును నేల మీద పరిచి ఇంటివాళ్లకు చూపించాను. మిగతావాళ్లు రంగులు చూసి మెచ్చుకున్నారు. అవ్వ మాత్రం చాలాసేపు ఒంగి చూసి, వేలు నా బాట మీద పెట్టింది.

“ఇదంతా బాగుండాది గానీ, పడుగు యాడ సాపల్ల?” అంది.

పడుగంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులని నాకు తెలుసు. దాన్ని వీధి పొడవునా చాపుతారని మాత్రం అప్పటిదాకా ఎప్పుడూ ఆలోచించలేదు. వీధి ఉన్నది నడవడానికి, పని ఇంటి లోపల చేసుకోవాలి అని పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. ఆమె వాదించలేదు. రేపు తెల్లవారగానే లేవమని మాత్రం చెప్పింది.

తెల్లారేసరికి వీధంతా జనం. ఈ చివర, ఆ చివర కర్రలు పాతి, మూడు చీరలకు సరిపడే పడుగును తీగలా బిగించి కట్టారు. ఆడవాళ్లు, మగవాళ్లు రెండు పక్కలా నిలబడి గంజి రాస్తున్నారు, తెగిన పోగులు ముడేస్తున్నారు. ఎండ ముదిరిందంటే గంజి గబగబా ఎండి పోగులు తెగుతాయట, అందుకే ఆ తొందర. చింతచెట్టు కింద మాత్రం ఎవరూ చాపరు, ఆకు రాలి తడి పోగులకు అంటుకుంటుంది. అదే చెట్లు వీధికి తూర్పున, కాస్త ఎడంగా ఉంటే ఆకు పడదు, నీడలో ఇంకో గంట పని సాగుతుంది. రెండేళ్లు చెట్ల గురించి చదివిన నాకు ఇందులో ఒక్క ముక్కా తెలియదు.

పని అయ్యాక అవ్వ ఒక పాత నూలు పడుగు చంకన పెట్టుకుని, నలుగురిని వెంటేసుకుని నన్ను మెరక మీదికి తీసుకుపోయింది. అక్కడ నేను సున్నంతో గీయించిన గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. బాట మొదట్లో ఒక కర్ర, చివర్లో ఒక కర్ర పాతించి పడుగు బిగించమంది. పడుగు తిన్నగా పోయింది. నా బాట వదిలేసి, మూడో ఇంటి వంటిల్లని గీయించిన చోటులోంచి దూరి, పూలతోట నడుమనుంచి బయటపడింది. వచ్చినవాళ్లు నోటికి చెంగులు అడ్డం పెట్టుకున్నారు. అవ్వ నవ్వలేదు.

“నీ బాట వంకర పోతే మేమూ వంకర పోతాము. పడుగు పోదప్పా,” అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాను. నిజం చెప్పాలంటే, నోరు మూసుకుందామనే అనుకున్నాను. సంతకం అయిపోయింది, ఇప్పుడు తప్పని చెబితే పట్టా పోతుందని, మండీలో నాయన మొహం ఎలా ఎత్తుకుంటాడని భయం. ఆ వీధిలో ఇల్లు కట్టుకున్నవాళ్లు రేపు ఏం చేసి బతుకుతారన్న ఆలోచన నాకు దాని తర్వాతే వచ్చింది. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మధ్యాహ్నం అవ్వ సంగటి ముద్ద తెచ్చి ముందు పెట్టి, గడప మీద కూర్చుంది.

“రాళ్లు పాతినాక మేము ఏడ్చేదానికన్నా, ఈపొద్దు నువ్వు సిగ్గుపడేది మేలు గదప్పా. తిను. నేనూ వస్తా పెనుకొండకు.”

మర్నాడు ఇద్దరం రైలెక్కాం. దారి పొడవునా నేను ఇంగ్లీషులో క్షమాపణలు కూర్చుకుంటున్నాను, ఆమె నెమ్మదిగా వక్కాకు నములుతోంది. అధికారి ముందు నిలబడేసరికి నా ఇంగ్లీషంతా ఆవిరైపోయింది. తప్పు గీశానని తెలుగులోనే చెప్పాను. మిగతాదంతా అవ్వ చెప్పింది, చేతులతో పడుగు పొడవు చూపిస్తూ. ఆయన నా మీద విరుచుకుపడతాడని అనుకున్నాను. ప్లానును అటూ ఇటూ తిప్పి చూసి, రాళ్లు ఇంకా పాతలేదు కదా అన్నాడు. కొత్తది ఎన్నాళ్లలో గీస్తావని అడిగి, పనిని పది రోజులు వాయిదా వేశాడు. అంతే. బయటికి వచ్చాం. స్టేషన్ ముందర బొరుగులు కొనుక్కుని తింటూ ఎందుకో ఇద్దరం చాలాసేపు నవ్వాం. అంత తేలిగ్గా నేను పరీక్ష పాసైన రోజున కూడా ఊపిరి పీల్చుకోలేదు.

కొత్త ప్లాను అవ్వ పక్కనే కూర్చుని గీశాను. వీధి వెడల్పుగా, బాణంలా తిన్నగా, ఉత్తరం నుంచి దక్షిణానికి. తూర్పు వరసలో వేపచెట్లు. పూలతోట చివరికి జరిగింది. నా పుస్తకంలో మొదటి ప్లానునూ, అది ఎందుకు పనికిరాదో కూడా దాచకుండా రాశాను. ప్రొఫెసరు గారు అంతా చదివి, ఇది నీకు ఎవరు చెప్పారని అడిగారు. చెప్పాను. మొదటి పేజీలో ఆమె పేరు రాసి తెమ్మన్నారు. పట్టా వచ్చింది. ఆ పేజీ తీసుకెళ్లి అవ్వకు చూపిస్తే, ఇందులో నా పేరు యాడుండాది అని అడిగి, చూపించిన చోట వేలు ఆనించి, “గంజి చెయ్యి, మరక పడుతుందేమో,” అని వెంటనే తీసేసుకుంది.

తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఎన్నో ఊళ్లకు వీధులు గీశాను. ఏ ఊరికి వెళ్లినా ముందు తెల్లవారుజామున అక్కడ నిలబడి, ఈ చోట పొద్దున్నే ఎవరు ఏం పని చేసుకుంటారని అడిగేవాణ్ని. నా కింద పనిచేసినవాళ్లు దీన్ని ముసలాయన చాదస్తం అనుకునేవాళ్లు, నాకు తెలుసు. నా గీతల వల్ల ఎవరికీ ఎప్పుడూ ఇబ్బంది కలగలేదని నిబ్బరంగా చెప్పలేను. కానీ ఆ పెనుకొండ రైలు దిగిన రోజు నుంచి, అక్కడ బతికేవాళ్లను అడగకుండా గీసిన గీత మాత్రం ఒక్కటీ లేదు.