పక్కన ఒకరు కూర్చున్నాకే

పోయిన నెల ఒక ఉదయం మా బావ సూరత్‌లో చనిపోయాడు. అక్క ఫోన్ చేసి, "మీ బావ పోయిండు చెల్లె" అంది. అంతే, ముందూ వెనకా ఏమీ లేదు. అప్పుడు నేను కరీంనగర్‌లో మా ఇంట్లో ఉన్నాను. మా పక్కింటి సారు ఎదురు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎన్నడూ లేనిది, అడిగి మరీ పెట్టించుకున్న చాయ్‌ని ముట్టకుండా నా మొహమే చూస్తున్నాడు.

మా వాళ్ళలో చావు కబురు ఇలా చెప్పరు. దూరాన ఉన్నవాళ్ళకు "సీరియస్‌గున్నది, జర బయల్దేరు" అంటారు. ఏడుపంతా ఇంటికొచ్చాకే అని వాళ్ళ లెక్క. బావకు ఈ పద్ధతంటే ఒళ్ళు మంట. ఆయన మగ్గాల పనికి సూరత్ వెళ్ళిన కొత్తలో ఊళ్ళో వాళ్ళమ్మ పోతే ఇట్లాగే చెప్పారట. అమాయకుడు, నిజంగానే సీరియస్ అనుకున్నాడు. స్టేషన్ దగ్గర గ్లూకోజు డబ్బా కొని, రైల్లో దారి పొడవునా ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇల్లు చేరేసరికి దహనం కూడా అయిపోయింది. "ఆ డబ్బ వట్టుకోని వాకిట్ల నిలవడ్డ. ఎవలకియ్యాలె పిల్లా?" అనేవాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట దగ్గరే ఆగిపోయేవాడు.

నేను వాళ్ళింట్లో ఉన్నది తొంభైల చివర్లో. సూరత్‌లో ఒక టైపింగ్ సెంటర్‌లో పని దొరికితే వెళ్ళి, అక్కడే నవాగామ్ పేటలో వాళ్ళ ఇరుకింట్లో చేరాను. బావ అప్పటికి మగ్గం మానేసి, ఊరి బయట పల్సానాలో ఒక రంగుల మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. సాయంత్రం వచ్చాక సూరత్ తెలుగువాళ్ళ కోసం ఒక వెబ్‌సైట్ నడిపేవాడు. తెలుగు అక్షరాలు ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కో రకంగా చెదిరిపోతుంటే, తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ళం. ఎవరింట్లో పెళ్ళి, ఏ కార్ఖానాలో మనుషులు కావాలి, సెలవులకు అదనపు రైలు వేశారా లేదా, ఇవే వార్తలు. "ఇంట్ల ఉప్పున్నదో లేదో తెల్వదు గని, ఊరందరి ముచ్చట్లు గావాలె ఈయనకు" అని అక్క గొణిగేది. గొణుగుతూనే పక్కన పళ్ళెం పెట్టేది.

తొంభైల ఆఖరి ఏడాదిలోనే ఆయనకు ఫీడ్ పిచ్చి పట్టింది. మనం వార్త ఒక చోట రాస్తే, దాని శీర్షికలన్నీ ఒక చిన్న ఫైల్‌లో చేరతాయి. వేరే ఊళ్ళ సైట్లు ఆ ఫైల్‌ని లాక్కుని తమ పేజీలో చూపిస్తాయి. భివండిలోనూ షోలాపూర్‌లోనూ ఉన్న మనవాళ్ళ సైట్లకు అలా మా వార్తలు వెళ్ళాలని ఆయన కోరిక. ఫైల్‌లో ఒక్క గుర్తు మరిచిపోతే మొత్తం ఆగిపోయేది. నేను నవ్వితే, "నవ్వు పిల్లా, నవ్వు. నీ పెండ్లి వార్తకు గూడ గిట్లనే గుర్తు మరుస్త" అనేవాడు. శీర్షికను మాత్రం పైకి చదవనిదే పంపేవాడు కాదు. "తల ఒక్కటే ఊర్లు తిరుగుతది, మొండెం మన దగ్గర్నే ఉంటది. చెప్పేదంత తలల్నే చెప్పాలె" అనేవాడు.

ఆ తలే కొంప ముంచింది. నవాగామ్‌లో మా వీధిలో ఒక పెద్దాయన పోయాడు. కొడుకు భివండిలో మగ్గాల మీద ఉన్నాడు. ఇంట్లోవాళ్ళు ఈపాటికి "సీరియస్" అని చెప్పే ఉంటారు, పిల్లవాడు రైల్లో ఉంటాడు అనుకున్నాడు బావ. పేరు పెట్టి, చనిపోయాడని శీర్షిక రాశాడు. ఇంట్లోవాళ్ళకు ఆ కార్ఖానా ఫోనే కలవలేదని మాకేం తెలుసు? భివండి సైట్ నడిపే ఆయనకు ఒక అలవాటుండేది. పొద్దున్నే శీర్షికలు అచ్చు తీసి చాయ్ హోటల్ గోడకు అంటించేవాడు. కొడుకు చాయ్ గ్లాసు పట్టుకుని ఆ గోడ మీద తండ్రి పేరు చదివాడు.

కాయితం కింద ఉన్న మా నంబర్ చూసి ఫోన్ చేశాడు. నేనే ఎత్తాను. "అన్న ఉన్నడా? మా బాపు గురించి గోడకేసిన్రు. గది నిజమేనా?" బావ రిసీవర్ తీసుకున్నాడు. "నిజమే తమ్మీ. నీ పక్కపొంటి ఎవలన్న ఉన్నరా?" అన్నాడు.

ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. మనవాళ్ళ పెద్దమనుషులు వచ్చి, ఇకనైనా సీరియస్ అని రాయమన్నారు. "అబద్ధమైతే రాయ" అన్నాడు. కానీ ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. చావు వార్త వస్తే ముందు, కబురు అందాల్సినవాళ్ళున్న ఊళ్ళో ఒక మనిషిని ఫోన్‌లో పట్టుకునేవాడు. పోయి వాళ్ళ పక్కన కూర్చోమనేవాడు. "కూసున్ననే" అని తిరిగి కబురొచ్చాక ఇంటివాళ్ళతో ఫోన్ చేయించేవాడు. ఆ తర్వాతే వార్తని ఫీడ్‌లో పెట్టేవాడు. నాకు విసుగొచ్చేది. "గప్పటికి వార్త పాతగైతది బావా!" అంటే, "కానీ తియ్యి. ఒక్కడున్నప్పుడు తెలువద్దు" అనేవాడు.

ఆ సైట్ తర్వాత మూతపడింది. నేను పెళ్ళయి ఇటొచ్చాను. బావ అలవాటు మాత్రం పోలేదు. మా ఇంటికి వచ్చిన మొదటిసారే పక్కింటి సారును పలకరించి నంబర్ రాసుకున్నాడు. "ఏంది బావా, నా మీద నిఘానా?" అని ఏడిపించాను. నవ్వి ఊరుకున్నాడు. అప్పుడైనా నాకు తట్టలేదు చూడండి.

సూరత్ వెళ్ళి వచ్చాక, ఆ పొద్దున ఎందుకొచ్చారని సారునడిగాను. ఆయన తల దించుకుని చెప్పాడు. "మీ అక్క ముందుగాల నాకే చేసిందమ్మా. గీ టైముకు మా చెల్లె ఇంట్ల ఒక్కతే ఉంటది, జర పోయి కూసోర్రి అన్నది. నేను చాయ్ అడిగి, లోపలికి నువ్వు పోంగనే కూసున్ననని మీ అక్కకు ఫోన్ల చెప్పిన."

మొగుడు పోయిన గంటలో అక్క ఆ నంబర్ వెతికి ఈ పని చేసింది. ఆ రోజు నేను వెళ్ళేసరికి నవాగామ్ ఇంటి నిండా జనం ఉన్నారు. అక్క మాత్రం బావ కంప్యూటర్ బల్ల దగ్గర స్టూలు మీద ఉంది. పక్కన ఆయన కుర్చీ ఖాళీగా ఉంది, ఎవరూ అందులో కూర్చోవడానికి సాహసించలేదు. నన్ను చూసి, చేత్తో ఆ కుర్చీ దుమ్ము తుడిచి, "కూసోవే" అంది.