పసుపు మానేసిన అమ్మ

మా అమ్మ మొగుడుండగా పసుపు మానేసింది. పందొమ్మిదివందల యాభైల చివర్లో, పెడనలో, అది చిన్న సంగతి కాదు. వీధి వీధంతా చెవులు కొరుక్కుంది.

కారణం మా చిన్న తమ్ముడు. వాడికి ముందు పుట్టినవాడు ఏడాది నిండకుండానే లివరు జబ్బుతో పోయాడు. ఆ రోజుల్లో చంటిపిల్లలున్న ఇళ్లన్నిటా అదే భయం. పిల్లాడు కాస్త చిరాకు పడితే చాలు, పెద్దవాళ్లు పొట్ట తడిమి చూసేవాళ్లు. పోయినవాడి కళ్లూ ఒళ్లూ పచ్చబడుతున్న సంగతి అమ్మకు ఆలస్యంగా తెలిసింది. నలుగులో పసుపు, తన చెంపల పసుపు వాడికి అంటుకుని ఏది ఏ పచ్చో పోల్చుకోలేకపోయిందట. అందుకే ఈసారి ఇంట్లో పసుపు కూరలోకి తప్ప వాడకూడదంది. నాన్నది అద్దకం పని. కరక్కాయ నీళ్లలో ముంచిన గుడ్డ పచ్చగా తేలుతుంది. ఆ చేతులు తోముకుంటే తప్ప ఆయన్నీ పిల్లాణ్ణి ఎత్తుకోనిచ్చేది కాదు.

"ముత్తైదువువి, బోసిమొహంతో తిరగడమేంటే? కామెర్లవాడికి లోకమంతా పచ్చన అన్నట్టు, నీకు ఎటు చూసినా రోగమే! నా కొడుక్కేం కీడు తెస్తావో!" అని నాయనమ్మ రోజూ సతాయించేది.

"మీ అబ్బాయి చల్లగానే ఉన్నారు అత్తయ్యా. నా అబ్బాయిని నన్ను చూసుకోనివ్వండి," అనేది అమ్మ.

పొద్దున్నే తమ్ముణ్ణి అరుగు మీద వెలుతురులో కూర్చోబెట్టి, కింది రెప్ప లాగి చూడటం నా పని. నాకప్పుడు పదేళ్లు. "తెల్లగా ఉన్నాయమ్మా" అని కేకేసేదాకా అమ్మ పొయ్యి ముట్టించేది కాదు. బడికి వేళయిపోతుంటే ఈ చాదస్తమేమిటని నాకు ఒళ్లు మండేది. తీరా రెప్ప లాగేటప్పుడు బడి సంగతే గుర్తుండేది కాదు.

ఒకరోజు పచ్చగా కనిపించాయి. భయమేసి, "తెల్లగా ఉన్నాయమ్మా" అన్నాను. మర్నాడూ అదే అన్నాను. మూడోరోజు అమ్మే వచ్చి చూసింది. నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తన్నినా బాగుండేది.

వెంటనే బందరు బస్సెక్కాం. డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి, "లివరు గట్టిపడిందమ్మా," అన్నారు. రెండు రోజులు ముందొచ్చినా ఒకటేనని కూడా అన్నారు. అది నేనిప్పటికీ నమ్మను.

అమ్మ ఏడవలేదు. "మామిడికి అంటు కడతారు గదండీ. నా లివరులో ఓ ముక్క కోసి వీడికి అంటు కట్టరాదా?" అంది.

కాంపౌండరు పకపకా నవ్వాడు. డాక్టరుగారు నవ్వలేదు. "ఆ విద్య మాకింకా రాలేదమ్మా," అన్నారు.

ఇప్పుడు తల్లి లివరులో ముక్క తీసి బిడ్డకు పెడుతున్నారని విన్నప్పుడల్లా, ఆ కాంపౌండరు చొక్కా పట్టుకుని ఈ మాట చెప్పాలనిపిస్తుంది. వాడు బతికున్నాడో లేదో!

వానలు పడేనాటికి తమ్ముడు పోయాడు.

కొన్నాళ్లకు ఓ పొద్దున అమ్మ మొహం కడుక్కుని వచ్చి నాయనమ్మ ముందు కూర్చుంది. "పసుపు ఇలా ఇవ్వండి అత్తయ్యా, పూసుకుంటాను. ఇంకెవరి కళ్లు చూడాలి గనక," అంది.

ఆ మాట కోసం నెలల తరబడి పోరిన మా నాయనమ్మ, పసుపు గిన్నె కొంగుచాటున దాచేసి భోరుమంది.