బానెట్ కింద నిమ్మకాయ

రాచర్ల కృపాకర్‌కు కాగితం మీద ఉన్న నమ్మకం మనిషి మీద లేదు. కరెంటు బిల్లు మొదలు గొర్రెల టీకా చీటీ దాకా అన్నీ బైబిలు పెట్టుకునే జిప్పు సంచిలోనే దాస్తాడు. మార్కాపురంలో కొన్న సెకండ్ హ్యాండ్ కారు రెండో నెలలోనే మొరాయించేసరికి, దాన్ని ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చి, డీలర్ చెన్నకేశవులు ముందు ఆరు నెలల వారంటీ కాగితం పరిచాడు.

చెన్నకేశవులు చివరి వరుస మీద వేలు పెట్టాడు. "బయటోళ్లు ఇంజిన్ ముట్టుకుంటే వారంటీ పోతాదని రాసినాం గదన్నా. ఎవురన్నా ముట్టుకున్నారా?"

కృపాకర్‌కు అబద్ధమాడటం చేతకాదు. "మా పాస్టరయ్య ప్రార్థన చేసి ఇంజిన్‌కు నూనె రాసినాడు."

"ఇంకేంది! పోయింది వారంటీ."

కృపాకర్‌కు తిక్క రేగింది. "అట్లనా! అయితే ఒంగోలు కన్స్యూమర్ కోర్టులోనే తేల్చుకుందాం. అక్కడ ముందు దీన్నే చూపిస్తా," అంటూ బానెట్ ఎత్తాడు. కారు అప్పగించిన రోజు చెన్నకేశవులు పిలిపించిన పూజారి ఇంజిన్ పక్కన కట్టిన నిమ్మకాయ, ఎండి నల్లబడి, ఇంకా అక్కడే వేలాడుతోంది. "మా పాస్టరయ్య బయటోడైతే, మీ పూజారి మీ షెడ్డు మెకానిక్కా అన్నా?"

చెన్నకేశవులు తన మెకానిక్‌ను కేకేశాడు. "మహేషూ, పానాలు తీస్కరా. ముందు ఆ నిమ్మకాయ పీకెయ్."

పీకిన నిమ్మకాయను కృపాకర్ చెయ్యి చాచి అందుకుని, వారంటీ కాగితం పక్కన, బైబిలు సంచిలో భద్రంగా పెట్టుకున్నాడు.