పంజాగుట్ట డాక్టరమ్మ అడిగిన రెండు ప్రశ్నలు

మౌనిక నా కడుపున పుట్టిన బిడ్డ కాదు. మా ఆడబిడ్డ యాదమ్మ కూతురు. యాదమ్మ బోరబండలో ఉంటూ కట్టుబడి కూలికి పోయేది. భర్త చనిపోయాక రెండేళ్ల పిల్లను చూసుకోలేక ఆమె అవస్థ పడుతుంటే, పిల్లలు లేని మేము జనగామకు తెచ్చుకుని పెంచుకుంటున్నాము. ఇప్పుడు మౌనికకు తొమ్మిదేళ్లు. నన్ను అమ్మా అంటుంది, యాదమ్మను అత్తా అంటుంది. అసలు సంగతి దానికి ఇంకా చెప్పలేదు. రాత్రి పదిసార్లు అప్పజెప్పిన రెండో ఎక్కం పొద్దున్నకు దానికి గుర్తుండదు. లారీ వస్తున్నా రోడ్డు మీదికి పరుగెత్తుతుంది. కాలి పట్టీ బడిలో ఎవరో అడిగితే ఇచ్చేసి, పడిపోయిందని ఒకసారి, కాకి ఎత్తుకుపోయిందని ఒకసారి చెప్పింది. నేను బడిపంతులమ్మను. మా ఇంటి పిల్లే ఇలా ఉందని నాకు తలవంపుగా ఉండేది.

కొన్ని నెలల కిందట జ్వరమని చూపించినప్పుడు మా ఊరి పిల్లల డాక్టరు దాని తల చుట్టుకొలత తీసుకుని, వయసుకు చిన్నదన్నారు. ముక్కుకూ పై పెదవికీ మధ్య అందరికీ ఉండే గాడి దీనికి లేదని చూపించారు. తల్లి గర్భంతో ఉన్నప్పుడు మద్యం తాగితే కొందరు పిల్లలకు ఇలా అవుతుందనీ, దీన్ని ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అంటారనీ చెప్పి, పంజాగుట్టలో ఒక డాక్టరమ్మకు చీటీ రాసిచ్చారు. కన్నతల్లిని వెంట తీసుకుపొమ్మన్నారు. ఆమె నోటితో చెబితే తప్ప తేల్చడం కష్టమట. మా ఆయన "నా చెల్లెను ఆ మాట నేనెట్ల అడుగుత?" అని తప్పుకున్నాడు. నేనే యాదమ్మకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఆమె "వస్త వదినా" అని పెట్టేసింది. ఇలాంటి పని మీద హైదరాబాదు వెళ్లే తల్లిదండ్రులు ఇంకెవరైనా ఉంటారని ఆ రోజు సంగతి రాస్తున్నాను.

శనివారం ఉదయం ఆరున్నరకు మౌనికా నేనూ జనగామలో పుష్‌పుల్ రైలు ఎక్కాము. ఎనిమిదిన్నర దాటాక సికింద్రాబాదులో దిగి, అక్కడే ఎంఎంటీఎస్ లోకల్ రైలుకు టికెట్టు తీసుకున్నాము. మనిషికి ఐదు రూపాయలు. బేగంపేటలో దిగి బయటికి వస్తే అమీర్‌పేటకు ఆటోలు వరుసగా ఉంటాయి, ఇరవై రూపాయలు అడుగుతారు. పదింటికి అక్కడ మైత్రీవనం భవనం ముందు యాదమ్మ మమ్మల్ని కలవాలి. పదకొండున్నరకు డాక్టరు దగ్గర ఉండాలి. తొమ్మిదీ నలభైకే చేరుకున్నాము.

పిల్లతో ఎదురుచూడడానికి అంతకంటే చెడ్డ చోటు ఉండదని అప్పటికి నాకు తెలియదు. కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు పంచేవాళ్లు ప్రతి అడుగుకీ అడ్డొస్తారు. మౌనిక ఎవరు ఏమిచ్చినా తీసుకుంది, జావా, ఒరాకిల్, అమెరికన్ యాస నేర్పే క్లాసు, అన్నీ. కాసేపటికి హారన్ల మోత తట్టుకోలేక కాగితాలన్నీ కింద పడేసి చెవులు మూసుకుని కూర్చుంది. నేను దాని మణికట్టు పట్టుకుని వదల్లేదు. పది దాటింది. పదింబావు. యాదమ్మ ఫోన్ స్విచాఫ్. పదిన్నరకు ఇక రాదని నాకు తెలిసిపోయింది. వెనక్కి పోతే మళ్లీ ఈ డాక్టరమ్మ దొరకాలంటే రెండు నెలలు. బోరబండకు ఆటో మాట్లాడాను, నలభై రూపాయలు.

ఎస్సార్ నగర్ సిగ్నల్ దగ్గర ఆటో ఆగిందో లేదో మౌనిక ఒక కాలు బయట పెట్టింది. నేను జడ పట్టుకుని లోపలికి లాగాను. డ్రైవరు, యాభై ఏళ్ల మనిషి, వెనక్కి తిరిగి చూశాడు.

"గిట్లనే దునుకుతదా అమ్మా?"

"అవును అన్నా. భయం తెల్వదు దానికి."

ఆయన మెడలోని తువ్వాల తీసి ఆటోకు తెరిచి ఉన్న వైపు అడ్డంగా కట్టాడు. "గిది ఆపదు గానీ, అడ్డమున్నదని పిల్లకు యాదికుంటది. నా చిన్న బిడ్డకు సుత గిట్లనే కట్టేటోన్ని. ఫికర్ చెయ్యకు, మెల్లగ పోత."

యాదమ్మ గది ముందు ఆటో ఆగేసరికి ఆమె గడప మీద కూర్చుని ఉంది. పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుంది, తల దువ్వుకుంది, ఒళ్లో సంచి. పోట్లాడడానికే దిగిన నేను ఆమెను చూసి ఆగిపోయాను.

"తయారైన వదినా. బస్టాపు దాక పోయి మళ్ల వచ్చిన. ఫోన్ బంద్ చేసి కూసున్న." ఆటోలో ఉన్న మౌనికను చూసి గొంతు తగ్గించింది. "పోలీసోళ్లకు చెప్తరా?"

"ఎవ్వరికీ చెప్పరు."

"పిల్లకు తెలుస్తదా?"

"ఇయ్యాల తెల్వదు," అన్నాను. ఆమె తలుపుకు తాళం వేసి వచ్చి మౌనిక పక్కన కూర్చుంది. తువ్వాల తీయకుండానే డ్రైవరు యూసుఫ్‌గూడ మీదుగా పంజాగుట్టకు పోనిచ్చాడు. దారంతా ఎవరి ఆలోచన వాళ్లది. ఒకవేళ యాదమ్మ అక్కడ కూర్చుని ఏమీ తాగలేదంటే ఏం చెయ్యాలి అని నేను, నిజం చెబితే వదిన మొహం ఎలా చూడాలి అని ఆమె, బహుశా.

మేము చేరేసరికి పదకొండూ ముప్పావు. డాక్టరమ్మ విజయవాడ వైపు మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. మౌనికను పక్క గదిలో నర్సుతో బొమ్మలు పేర్చడానికి పంపి, తలుపు వేయించారు. కొన్ని మామూలు ప్రశ్నల తర్వాత యాదమ్మ వైపు తిరిగారు.

"తప్పు పట్టడానికి అడగట్లేదమ్మా. పాపకి సాయం చెయ్యడానికి అడుగుతున్నాను. కడుపుతో ఉన్నప్పుడు కల్లుగానీ సారాగానీ తాగేవారా?"

యాదమ్మ సంచి పట్టీని వేలికి చుట్టుకుంది. "తాగిన. దినాం కల్లు తాగిన. ఇటుకలు మోసి వస్తే నడుము లేసేది కాదు. మా అత్తనే పోసేది, బలమొస్తది, పాలు పడుతయి అని. అయిదో నెల నుంచి గుడుంబ సారా సుత తాగిన. నా పెనిమిటి తెచ్చేటోడు." తల ఎత్తి అడిగింది. "నేనే ఖరాబు చేసిన్నా మేడం?"

డాక్టరమ్మ కాదని అబద్ధం చెప్పలేదు. "తాగడం వల్లే పాప మెదడుకి దెబ్బ తగిలింది. కానీ మీకు ఎవరూ చెప్పలేదు, ఇంట్లో వాళ్లే మంచిదని ఇచ్చారు. ఇవాళ మీరు నిజం చెప్పడం వల్ల ఆ పాప మొండిది కాదని, అబద్ధాలకోరు కాదని మేం రాసివ్వగలం. తనకి గుర్తుండదు, ఆ ఖాళీని ఏదో ఒక మాటతో నింపుతుంది."

నాకు ఊపిరి ఆడింది. తప్పెవరిదో తేలిపోయిందని ఎక్కడో లోపల నెమ్మదించాను కూడా. అప్పుడు ఆవిడ నా వైపు తిరిగారు.

"టీచరుగారూ, ఇంట్లో కొడతారా?"

యాదమ్మ నన్ను చూసింది. లేదని చెప్పడం చాలా తేలిక. ఏడేళ్లుగా పిల్లను ప్రేమగా పెంచుతున్న వదినగానే ఆమెకు నేను తెలుసు. "కొడతాను," అన్నాను. "ఎక్కాలు మరిచిపోతే కొడతాను. పట్టీ సంగతిలో అబద్ధమాడిందని వాత పెట్టాను. కావాలని చేస్తోందనుకున్నాను." పిల్ల మోకాలి కింద ఆ వాత మచ్చ గురించి యాదమ్మ అంతకుముందు అడిగినప్పుడు, పొయ్యి దగ్గర కాలిందని చెప్పాను. అది కూడా అక్కడే చెప్పేశాను.

యాదమ్మ ఏడ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. కళ్లు తుడుచుకుని, "ఇగ కొట్టకు వదినా," అంది. అంతే.

ఇది నయమయ్యే జబ్బు కాదని డాక్టరమ్మ స్పష్టంగా చెప్పారు. ఒకసారికి ఒకే పని చెప్పాలి, రోజూ ఒకే వరుసలో, మాటతో పాటు బొమ్మతో. పిల్ల ఎంత పెద్దదైనా రోడ్డు మీద చెయ్యి వదలకూడదు. ఆ క్లినిక్‌లోనే ఒంటిగంటకు ఇలాంటి పిల్లల కుటుంబాలు కలుస్తాయంటే ఉండిపోయాము. నాలుగు కుటుంబాలు. సనత్‌నగర్‌లో లేత్ మిషను నడిపే ఒకాయన తన కొడుకు గురించి చెప్పాడు. "మా వాడు చెప్పులు ఏసుకోని, నీళ్ల సీసా తీసుకోని, గేటు ఏసి రా అంటే ఒక్కటి సుత చెయ్యడు. చెప్పులు అంటే చెప్పులేసుకుంటడు. గా సంగతి తెల్వక అయిదేండ్లు తిట్టిన." గదిలో ఎవరూ ఆయన్ని వింతగా చూడలేదు. యాదమ్మ వెనక వరుసలో కూర్చుని, వెళ్లేముందు అక్కడే ఉన్న ఆయన భార్యను మళ్లీ ఎప్పుడు కలుస్తారని అడిగింది.

ఇది జరిగి ఏడు నెలలు. మా వంటింటి గోడ మీద పళ్లు తోమడం నుంచి బడి సంచి దాకా వరుసగా బొమ్మలున్నాయి. రెండో ఎక్కం ఇంకా రాలేదు. నేను చెయ్యి ఎత్తలేదు, రెండుసార్లు ఎత్తబోయి బయటికి వెళ్లి నిలబడ్డాను. యాదమ్మ నెలకోసారి జనగామ వచ్చి పిల్లతో రెండు రోజులుంటుంది. కన్నది ఆమేనని, ఎందుకిలా అయిందని మౌనికకు ఒకరోజు చెప్పాలి. ఆ భయం తగ్గలేదు. మౌనిక పెద్దయ్యాక రోడ్డు ఎలా దాటుతుంది, ఎవరిని నమ్ముతుంది అనే భయమూ తగ్గలేదు. కానీ భయపడే మనుషులం ఇప్పుడు ఇద్దరం, మాట్లాడుకుంటున్నాము. పేర్లు మార్చి, యాదమ్మకు చదివి వినిపించి, ఆమె సరేనన్నాకే దీన్ని ఇక్కడ పెడుతున్నాను.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. కాగితాలూ పాత రిపోర్టులూ ఎలాగూ తీసుకెళతారు. డాక్టరు ఏమేం అడుగుతారో ముందే ఫోన్ చేసి కనుక్కుని, ఆ జవాబులు బయల్దేరే ముందే ఇంట్లో ఒకరికొకరు చెప్పుకోండి. ఆ గదిలో మొదటిసారి వినడం, చెప్పడం రెండూ చాలా కష్టం.