పసుపు నీళ్ల మీద వేసిన నింద

ఏడేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. పెద్దదేం కాదు, ఒక్క మాట. ఇంట్లో మా ఆవిడకు చెప్పలేదు. దుకాణంలో సగం వాటా ఉన్న మా బావకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ముందు నా గొప్ప కొంచెం చెప్పుకోనివ్వండి. అది చెప్పకపోతే నేను చేసిన తప్పు మీకు అర్థం కాదు.

విశాఖపట్నంలో, పూర్ణా మార్కెట్ వెనక సందులో కంప్యూటర్లు బాగుచేస్తాను. ఇరవై ఏళ్ల పైమాటే. మా ఊళ్లో కంప్యూటర్లకు రెండు జబ్బులు. సముద్రం మీంచి ఉప్పుగాలి, పోర్టు మీంచి నల్లధూళి. ఈ రెండూ కలిసి యంత్రాన్ని లోపల ఎలా తింటాయో ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు, నా వేళ్లకు తెలుసు. ఆన్ చేసినప్పుడు బీప్ ఎన్నిసార్లు మోగిందో విని, పక్క గదిలోంచే రోగం చెప్పేస్తాను. ర్యామ్ ముక్క ఊడదీసి, దాని అంచును పిల్లల రబ్బరుతో రుద్ది మళ్లీ బిగిస్తే లేచి కూర్చున్న యంత్రాలు ఎన్నో. పెద్ద షోరూము వాళ్లు ఇక పారెయ్యండన్నవాటిని కూడా లేపాను. ఈ మాట రాస్తుంటే ఇప్పుడూ ఛాతీ కొంచెం ముందుకొస్తోంది. ఏం చెయ్యను? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు.

ఆ ఏడు దసరా వెళ్లిన మూడో రోజు పొద్దున్న నూకరత్నం ఫోన్ చేసింది. పెదజాలరిపేట అమ్మాయి, ఒక ప్రైవేటు ఆఫీసులో పని. నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. వాళ్లింట్లో కంప్యూటరు ఆన్ అవుతోందిట, కాసేపటికే ఆగిపోయి తనంతట తనే మళ్లీ మొదలవుతోందిట. రాత్రి నుంచి అసలు విండోస్ దాకా రావడమే లేదుట. "నాను ఆఫీసుకెల్లిపోతన్నాను, అమ్మ ఉంటాది. అన్నయ్యా, నాన్న సెప్పినవన్నీ అందులోనే ఉన్నాయి, జాగర్త," అంది.

నాన్న చెప్పినవంటే ఏమిటో నాకు తెలుసు. వాళ్ల నాన్న అప్పన్నగారు నలభై ఏళ్లు సముద్రం మీద బతికిన మనిషి. ఒడ్డున ఏ కొండ వెనక్కి ఏ కొండ వస్తే అడుగున రాతి నేల ఉంటుందో, ఎక్కడ వల చిరుగుతుందో, ఏ నెలలో ఏ చేప ఎక్కడ మేస్తుందో ఆయనకు కంఠతా వచ్చు. బోటు నడిపే కొడుకు కోసం ఆయన రోజూ సాయంత్రం చెబుతూ ఉంటే కూతురు టైపు చేసింది. రెండేళ్లు చేసింది. ఆ తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఇక మళ్లీ చెప్పించుకోవడానికి లేదు. ఇదంతా తెలిసే వెళ్లాను. తెలియక చేశానని అనుకోవడానికి ఎన్నిసార్లు ప్రయత్నించానో! కుదరలేదు.

బయలుదేరబోతుంటే బావ లక్షణాలు విని ఒక మాటన్నాడు.

"బావా, ముందు ఎస్‌ఎంపీఎస్ మార్చి సూడు. మిగతాయి తర్వాత సూద్దుం."

ఎస్‌ఎంపీఎస్ అంటే కంప్యూటరుకు కరెంటు పంచే డబ్బా. అది నీరసిస్తే యంత్రం ఇలాగే పడుతూ లేస్తూ ఉంటుంది. బావ చెప్పింది నిజం. పైగా కొత్తది ఒకటి నా సంచీలోనే ఉంది. మార్చడానికి పావుగంట చాలు. కానీ పని నా దగ్గర నేర్చుకున్నవాడు నాకు చెప్పడమా? ఇది విండోస్ గొడవ అని నేను ఫోన్‌లోనే తేల్చేశాను కదా. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

వాళ్లింట్లో ముందు గదిలోనే మంచం మీద అప్పన్నగారు పడుకుని ఉన్నారు. ఆయన భార్య ఎల్లమ్మగారు ఫ్యాను నా వైపు తిప్పి, మజ్జిగ తెచ్చి ఇచ్చింది. కంప్యూటరు పెట్టెకు గంధం బొట్లు, కుంకుమ. ఆయుధ పూజ చేశారు. బోటు ఇంజనుకు, వలలకు, కుట్టు మిషనుకు చేసినట్టే దీనికీ చేశారు. పక్క రేకు మీద మామిడాకుతో చిలకరించిన పసుపు నీళ్ల చారలు ఎండిపోయి ఉన్నాయి.

ర్యామ్ తీసి రుద్దాను. లేవలేదు. సరే, ఫార్మాట్ చేసి, అంటే ఉన్నది చెరిపేసి, విండోస్ కొత్తగా ఎక్కించేద్దాం అనుకున్నాను. మా పనిలో ఒక నియమం ఉంది. ముందు డేటా కాపీ, తర్వాతే ఫార్మాట్. కొత్తగా వచ్చినవాళ్లకు నేను మొదటిరోజే చెప్పే పాఠం అది. హార్డ్ డిస్కు ఊడదీసి దుకాణానికి తీసుకెళ్లి కాపీ చెయ్యాలి. అంటే వెనక్కి వెళ్లి బావ ముఖం చూడాలి. నేను చెరిపేది విండోస్ ఉన్న సి డ్రైవ్ ఒక్కటే, ముఖ్యమైనవన్నీ డి డ్రైవ్‌లోనే పెట్టుకుని ఉంటుందిలే అనుకున్నాను. ఎవరినైనా అడిగానా? నూకరత్నానికి ఒక్క ఫోన్ చేశానా? లేదు. అరగంటలో లేపి వెళ్లిపోవాలి, అంతే.

విండోస్ సగం ఎక్కి పడిపోయింది. మళ్లీ ఎక్కించాను. మళ్లీ పడిపోయింది. మూడోసారి పౌరుషం వచ్చి, డ్రైవులన్నీ చెరిపేసి మొదటి నుంచి మొదలుపెట్టాను. అది కూడా పడిపోయింది. అప్పుడు, అన్నీ అయ్యాక, ఎస్‌ఎంపీఎస్ విప్పాను. లోపల రెండు కెపాసిటర్లు పొట్టలు ఉబ్బి పాడైపోయి ఉన్నాయి. సంచీలోది తీసి బిగించాను. యంత్రం హాయిగా లేచింది. ఖాళీగా లేచింది.

డిస్కులో ఒక్క ఫైలు లేదు. రెండేళ్ల మాటలు. మాట లేని మనిషి మాటలు. నా ముఖం చూసి ఎల్లమ్మగారు దగ్గరకొచ్చింది. చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది.

"ఏటి బాబూ, అలగున్నారు? నాను సల్లిన పసుపు నీల్ల వల్లేటి?"

నేను పెట్టె పక్క రేకు చేతిలోకి తీసుకున్నాను.

"పండగ కాడ్నించే పాడయింది గదా. సెప్పండి బాబూ. నీల్లు లోనకెల్లిపోనాయేటి?"

పెట్టె లోపలంతా నేను చూశాను. ఒక్క చుక్క వెళ్లలేదు. నాలుగేళ్ల ధూళి పొడిపొడిగా అలాగే ఉంది. కానీ ఆమె అడిగిన ప్రశ్నలో నాకు ఒక తలుపు కనిపించింది. దూరిపోయాను.

"అవునండీ. నీళ్లు తగిలి డిస్కు కాలిపోయింది," అన్నాను.

మంచం మీద అప్పన్నగారు బాగున్న చెయ్యి పైకెత్తారు. అటూ ఇటూ ఊపారు. కాదు, కాదు అని. రెండు గంటలుగా ఆయన నన్నే చూస్తున్నారు. యంత్రం సంగతి తెలియకపోవచ్చు గానీ, పని చేతకాక కంగారు పడుతున్న మనిషిని గుర్తుపట్టలేరా? ఎందరితో వల లాగించిన మనిషి! ఎల్లమ్మగారు ఆయనకు దాహం వేసిందనుకుని నీళ్లు పట్టింది. నేను స్క్రూలు బిగిస్తూ తల వంచుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నవాడి సామెత ఊళ్లో అందరికీ తెలుసు. మద్దెల ఏడ్చిందని మాత్రం ఎవరూ చెప్పరు. ఆమె ఏడ్చింది.

కొత్త డిస్కు నా సొంత డబ్బుతో ఊరికే వేసిచ్చాను. దానికి నూకరత్నం రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. పాత డిస్కు తెచ్చుకుని మూడు నెలలు దాని మీద కూర్చున్నాను. ఉన్న సాఫ్ట్‌వేర్లన్నీ వేశాను. చివరికి ఒక అర పేజీ వచ్చింది. యారాడ కొండ కొమ్ము గురించి నాలుగు ముక్కలు, చేపల పేర్లు కొన్ని, మధ్యలో అంతా చెత్త అక్షరాలు. మూడుసార్లు మీద రాసిన డిస్కులోంచి ఆ మాత్రం లాగగలిగినవాడు ఈ ఊళ్లో ఇంకొకడు లేడు. చూశారా, మళ్లీ మొదలుపెట్టాను. ఆ అర పేజీ వాళ్లకు ఇవ్వలేదు. కాలిపోయిందన్న డిస్కులోంచి కాగితం ఎలా వస్తుంది?

ఆ తర్వాత ఎల్లమ్మగారు దేనికీ పసుపు పెట్టలేదు. ఏటా వేట మొదలయ్యే ముందు బోటు ముక్కుకు ఆ ఇంటి ఇల్లాలే పసుపు రాసి బొట్టు పెట్టాలి. ముప్ఫై ఏళ్లుగా ఆమే పెట్టేది. తన చెయ్యి మంచిది కాదని మానేసిందని, ఎంత చెప్పినా వినడం లేదని నూకరత్నం నాతోనే చెప్పుకుంది. నాతోనే! నేను అయ్యో అన్నాను. అప్పన్నగారు మరో నాలుగేళ్లు బతికారు. ఆ నాలుగు వేటలకూ ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది. ఆయన పోయాక ఇక ఆచారం ఒప్పదు. ఇప్పుడు నేను వెళ్లి కాళ్ల మీద పడినా ఆ నాలుగు బొట్లు ఆమెకు తిరిగి రావు.

ఎన్నో లేపానని చెప్పాను కదా మీతో. వాటన్నిటి పక్కనా దీన్ని పెట్టి చూసుకుంటాను. ఒక్కటే కదా అంటుంది మనసు. ఒక మనిషి ముప్ఫై ఏళ్లు నమ్మిన తన చేతిని తానే అసహ్యించుకునేలా చేస్తే, దాన్ని ఒక్కటి అని లెక్కవెయ్యవచ్చా? పని చేతకాకపోవడం తప్పు కాదు. ఎస్‌ఎంపీఎస్ పోయిందని ఎవరైనా పోల్చుకోలేకపోవచ్చు. బావ చెప్పాడు కాబట్టి చెయ్యనన్నానే, అది తప్పు. ఆపైన ఆమె మీదికి నెట్టానే, దానికి పేరు పెట్టడం నాకు రాదు.

మొన్న దసరాకు మళ్లీ పిలిచారు. కంప్యూటరు సరిగ్గానే ఉంది, పూజకు ముందు ఒకసారి దుమ్ము దులిపి ఇమ్మని. ఎల్లమ్మగారు గది బయటే కూర్చుంది. నేను రమ్మంటే తల అడ్డంగా ఊపింది. "మీరు ముట్టుకోండి బాబూ. మీది మంచి సెయ్యి," అంది. వెళ్లేటప్పుడు వంజరం చేప ముక్కలు కడిగి సంచీలో పెట్టించింది. అవి పట్టుకుని మెట్లు దిగుతూ నాకేమనిపించిందో చెప్పనా? సిగ్గు తర్వాత వేసింది. ముందు గర్వంగా అనిపించింది. మంచి చెయ్యి అన్నారు కదా అని. బీచ్ రోడ్డు ఎక్కేదాకా అలాగే ఉంది. అప్పుడు నా మీద నాకే భయం వేసి ఇది రాయడం మొదలుపెట్టాను.

రేపు వెళ్లి ఆమెతో చెబుతానా? తెలియదు. ఆ ధైర్యం ఉందని మీ దగ్గర కోతలు కొయ్యను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఒక్క మాట మాత్రం ఎక్కడో ఒకచోట ఉండాలని రాస్తున్నాను. పసుపు నీళ్లు ఏ తప్పూ చెయ్యలేదు. ఎల్లమ్మగారు ఏ తప్పూ చెయ్యలేదు. ఆయన మాటల్ని నేనే చెరిపేశాను.